గ్రీన్ ఆరోగ్యం వేళ్లలో చూడాలి: ఉగాది నుంచి దసరా దాకా

నమస్కారం. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కితే వచ్చే కోరాపుట్ కొండల మీద నుంచి మాట్లాడుతున్నాను. నా వెనుక ఉన్నది ఇక్కడి ఒక టౌన్‌షిప్‌లోని తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం. నేను నిలబడింది నాలుగో గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ గడ్డిని బాగా పొట్టిగా కోసి, బంతిని దొర్లించడానికి ఉంచే చోటు మీద. సుమారు 400 చదరపు మీటర్లు ఉంటుంది.

ఈ గడ్డి పేరు టిఫ్‌డ్వార్ఫ్. పేరు కొత్తగా వినిపించినా, వినాయకుడి పూజలో పెట్టే మన గరికకు ఇది బిడ్డే. గరికను ఆఫ్రికా జాతి గడ్డితో కలిపి తీసిన సంకరం. విత్తనం పనికిరాదు, కాడలు నాటే పెంచాలి. గరిక గుణమే దీనిదీ: ఎండ కావాలి, వేడి కావాలి, నీడంటే గిట్టదు.

ఏ మందూ చల్లక ముందు ఒక పని చేద్దాము. కెమెరా కాస్త కిందికి. ఇదిగో, చాకుతో చిన్న ముక్క కోసి పైకి తీస్తున్నాను. పైన పచ్చటి పొర. దాని కింద గోధుమ రంగులో, తడిసిన కొబ్బరి పీచులా మెత్తగా ఉన్నది చూశారా? చచ్చిన కాడలు, వేళ్లు పేరుకున్న ఈ పొరనే థాచ్ అంటారు. స్కేలు పెడితే ముప్పావు అంగుళం ఉంది. అర అంగుళం దాటిందంటే నాకు నిద్ర పట్టదు. నీళ్లన్నీ ఈ పీచే తాగేస్తుంది, వేళ్లు కిందికి దిగవు. చూడండి, రెండు అంగుళాల దగ్గరే ఆగిపోయాయి. ఇప్పుడు వాసన చూడండి. మట్టి వాసన వస్తే పరవాలేదు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి ఆడడం లేదని అర్థం.

దీనికి మందు గాలే. ఉగాది వెళ్లి, రాత్రి చలి పూర్తిగా వదిలి, గడ్డి జోరుగా పెరుగుతున్నప్పుడు బోలు గొట్టాల యంత్రంతో రంధ్రాలు వేయాలి. అర అంగుళం వెడల్పు, మూడు నాలుగు అంగుళాల లోతు, రెండేసి అంగుళాల ఎడం. బయటికి వచ్చిన మట్టి కడ్డీలను ఊడ్చేసి, రంధ్రాల నిండా ఇసుక నింపాలి. రెండు మూడు వారాలు గ్రీన్ చూడడానికి బాగుండదు, ఆడేవారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఈ పని మానేస్తే శ్రావణంలో అంతకంటే పెద్ద నష్టం చూస్తారు.

ఇసుక విషయంలో మొహమాటం వద్దు. గాజు సీసాలో గుప్పెడు ఇసుక, నిండా నీళ్లు పోసి గట్టిగా ఊపి పక్కన పెట్టండి. కాసేపటికి ఇసుక కిందికి దిగుతుంది. పైన నీళ్లు ఎర్రగా, మురికిగానే ఉండిపోతే అందులో బంకమట్టి ఉంది. ఆ లారీని వెనక్కి పంపండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అప్పుడు కూడా రోజూ పైపైన నీళ్లు చిలకరించకండి. తెల్లవారుజామున లోతుగా తడిసేలా పెట్టి, మళ్లీ అవసరమయ్యేదాకా ఆగండి. నీటిని వెతుక్కుంటూ వేరు కిందికి దిగుతుంది. ఎరువు కొంచెం కొంచెంగా ఇవ్వాలి. నేను పది రోజులకోసారి చదరపు మీటరుకు ఒక గ్రాము నత్రజని ఇస్తాను. ఈ గ్రీన్‌కు లెక్క వేస్తే యూరియా సుమారు 870 గ్రాములు. నీళ్లలో కరిగించి చల్లి, ఆకులు మాడకుండా వెంటనే నీటితో కడిగేస్తాము.

ఇక వానలు. మృగశిర దాటాక ఈ కొండల మీద రోజుల తరబడి మబ్బు వీడదు. ఒక ఏడాది, పోటీలు దగ్గర పడ్డాయని, సరిగ్గా ఆ మబ్బుల్లోనే కోత ఎత్తు మూడు మిల్లీమీటర్లకు దించి, రంగు కోసం యూరియా కూడా పెంచాను. పది రోజుల్లో గడ్డి పలచబడి, నేల మీద నల్లటి నాచు పొర పేరుకుంది. తప్పు పూర్తిగా నాదే. ఎండ లేనప్పుడు ఆకే దానికి అన్నం పెట్టేది, ఆ ఆకును నేను కోసేశాను. అప్పటి నుంచి జూన్ రాగానే కోతను నాలుగు నుంచి ఐదున్నర మిల్లీమీటర్లకు పెంచుతాను, నత్రజని సగానికి తగ్గిస్తాను. బ్లేడు పదును మాత్రం తగ్గనివ్వను. కాగితాన్ని చీల్చకుండా కోయాలి. మొండి బ్లేడు ఆకు కొసలను పీచుపీచుగా చేస్తుంది, రోగం అక్కడి నుంచే లోపలికి పోతుంది.

అదిగో, మా పెద్ద మాలీ. అందరమూ బాబాయి అనే పిలుస్తాము. ఆయన చేతిలోని పొడవాటి వెదురు గెడను చూడండి. సూర్యుడు రాకముందే గ్రీన్ మీద దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఆకుల మీది తడిని రాలుస్తారు. ఆకు ఎంత త్వరగా ఆరితే బూజు తెగుళ్లకు అంత తక్కువ సమయం దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు.

వానల్లో ఆకులు కొరికినట్టు కనిపిస్తే పురుగుమందు కోసం పరుగెత్తకండి. బకెట్ నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి, చదరపు మీటరు చోట పోయండి. లద్దె పురుగులు ఉంటే నిమిషాల్లో పైకి వస్తాయి. రాకపోతే మందు అక్కర్లేదు.

సెప్టెంబరులో ఎండ తిరిగి రాగానే నత్రజని తగ్గించి పొటాష్ పెంచుతాము. ఇక్కడ డిసెంబరు చలికి గరిక నిద్రపోతుంది, ఆలోగా దాని వేళ్లలో సత్తువ నిండాలి.

ఈ ముక్కను తీసిన చోటే పెట్టి, అరచేత్తో నొక్కి, దోసెడు నీళ్లు పోస్తున్నాను. దసరా సెలవుల్లో దీని పక్కనే ఇంకో ముక్క కోసి, వేళ్లు ఎంత దిగాయో ఇదే స్కేలుతో కొలిచి చూపిస్తాను.