హెర్పిస్ ప్యాకేజీ రివ్యూ: ఈ ఐజీఎం ఎందుకు పెట్టారయ్యా?

కర్నూలు నుంచి అందరికీ నమస్తే. హెర్పిస్ అంటే పెదవి మీదో, జననాంగాల దగ్గరో పొక్కులు తెచ్చే వైరస్, అందులో టైప్ 1, టైప్ 2 అని రెండు రకాలు. దాన్ని పట్టుకుంటామని ఒక ల్యాబ్ అమ్మే రక్తపరీక్షల ప్యాకేజీ ఇది. ముందే చెప్పేస్తున్నా, ఈ టెస్టు నాకు ల్యాబ్ వాళ్లు ఫ్రీగా చేశారు. వాళ్ల పేరు చెప్పను. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. రేటు, హోమ్ కలెక్షన్, రిపోర్ట్ టైమ్ జోలికి నేను పోను. రక్తం తీసిన పిల్లోడు మాత్రం చెయ్యి తిరిగినవాడు, సూది గుచ్చినట్టే తెలీలేదు. మెచ్చుకోవడం ఇక్కడితో అయిపోయింది.

రిపోర్ట్ తెరవగానే మొదటి లైను 'హెచ్ఎస్వీ 1 అండ్ 2 ఐజీఎం'. హెచ్ఎస్వీ అంటే హెర్పిస్ వైరసే. నా మంట అంతా దీని మీదే. ఐజీఎం, ఐజీజీ అనేవి వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసే రెండు రకాల యాంటీబాడీలు. ఐజీఎం అంటే కొత్త ఇన్ఫెక్షన్, ఐజీజీ అంటే పాతది అని కౌంటర్‌లో గడగడా చెప్పేస్తారు. హెర్పిస్ దగ్గర ఆ లెక్క కుదరదు. ఎప్పటిదో పాత వైరస్ తిరగబెట్టినా ఐజీఎం పాజిటివ్ రావచ్చు. అది టైప్ 1దా, టైప్ 2దా తేల్చదు. అందుకే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 గైడ్‌లైన్స్‌లో హెర్పిస్‌కు ఐజీఎం వద్దని రాసింది. మరి మన ప్యాకేజీల్లో ఇంకా ఎందుకుంది?

గర్భిణులకు కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం రాసే టార్చ్ (TORCH) టెస్టులో చివరి హెచ్ అక్షరం హెర్పిస్‌దే. అందులో ఐజీఎం పాజిటివ్ వచ్చిందని ఒకమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. సుఖవ్యాధి అనుకుని ఇంట్లో అత్త ఆమె ముఖం చూడట్లేదంట! ఒక్క పనికిరాని లైను కోసం ఎంత టెన్షన్ చూడండి.

మరి ఏం అడగాలి? 'టైప్ స్పెసిఫిక్ ఐజీజీ, 1కి వేరుగా, 2కి వేరుగా' అని అడగండి. ఊరికే పాజిటివ్ అని రాస్తే ఒప్పుకోవద్దు, ఇండెక్స్ నంబరు (యాంటీబాడీ ఎంత బలంగా తగిలిందో చెప్పే అంకె) వేయమనండి. చాలా కిట్లలో 1.1 దాటితే పాజిటివ్ అంటారు. కానీ టైప్ 2లో 3 లోపు వచ్చేవాటిలో తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ, వేరే పద్ధతి టెస్టుతో ఖాయం చేసుకోవాల్సిందే. నా రిపోర్ట్‌లో ఆ నంబరే లేదు! ఇదే ఛానెల్లో గ్లూకోమీటర్లను రీడింగ్ తేడా వస్తోందని ఎన్నిసార్లు తిట్టానో మీకు తెలుసు. పాపం, అవి కనీసం నంబరైనా చూపించాయి.

టైప్ 1 ఐజీజీ పాజిటివ్ వస్తే గుండె జారిపోనక్కర్లేదు. 50 ఏళ్ల లోపు వాళ్లలో ప్రపంచంలో సుమారు మూడింట రెండొంతుల మందికి అది ఉందని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. చాలామందికి చిన్నప్పుడే అంటుకుని ఉంటుంది. అది పెదవి దగ్గరుందా, కిందుందా అనేది రక్తం చెప్పదు.

అనుమానం వచ్చిన వారానికే ల్యాబ్‌కు పరిగెత్తొద్దు, యాంటీబాడీలు తేలడానికి 12 వారాల దాకా పట్టవచ్చు. పొక్కు కనిపిస్తుంటే అసలు రక్తం జోలికే పోవద్దు. అది ఎండిపోకముందే డాక్టర్‌కు చూపించి, స్వాబ్ తీయించి పీసీఆర్ (వైరస్‌నే నేరుగా పట్టే టెస్టు) చేయించండి. పెద్దాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, సుఖవ్యాధులకు అక్కడ డబ్బు కట్టకుండా చూస్తారు. అక్కడ హెర్పిస్‌కు ఇచ్చే ఎర్ర రంగు మందుల కిట్‌లో వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మాత్రలుంటాయి. ఏ లక్షణమూ లేకుండా ఊరికే చేయించుకునే టెస్టు మాత్రం కాదు ఈ రక్తపరీక్ష.

ఈ ప్యాకేజీ కొనొద్దు. ఐజీఎం తీసేయండి అని ల్యాబ్ వాళ్లకు ఫోన్ చేశా. 'తీసేస్తే రేటు తగ్గించాలి కదా సార్' అన్నారు. తగ్గించండి మరి!