దారి ముందు, ఇళ్ళు తర్వాత: ఇంట్లో క్రిస్మస్ ఊరు కట్టుకుందాం

తెర మీద: హాల్లో లైట్లన్నీ ఆపేసి ఉన్నాయి. గోడవారన బల్ల, దాని మీద చిన్న ఊరు. కిటికీల్లోంచి పసుపు వెలుగు. కెమెరా దారి వెంట మెల్లగా సాగుతుంది.

అందరికీ నమస్తే, వందనాలు. ఇది మా ఇంటి క్రిస్మస్ ఊరు. సికింద్రాబాద్ లాలాగూడలో మాది రెండు గదుల ఇల్లు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ఏటా డిసెంబర్‌లో ఈ ఊరు వెలుస్తుంది. లెక్కపెడితే ఇళ్ళు ఏడే ఉంటాయి.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది "ఈ ఇళ్ళు ఎక్కడ కొన్నారు?" అని. నేను మాత్రం ముందు దారి గురించి చెప్తాను. ఇళ్ళు కొనుక్కొచ్చి బల్ల మీద వరసగా పెట్టేస్తే అది షాపులో అలమరలా కనిపిస్తుంది. దారి ఉంటే చూసేవాళ్ళ కన్ను దాని వెంట నడుస్తుంది, అప్పుడు ఊరిలోకి వెళ్ళినట్టు ఉంటుంది. అందుకే ఒక్క ఇల్లు కూడా బయటికి తీయకముందే దారి గీయండి.

తెర మీద: బల్ల మీద పరిచిన బ్రౌన్ పేపర్. సుద్దముక్కతో దారి గీస్తున్న చేయి.

ఎడమవైపు ముందు మూల నుంచి మొదలుపెట్టండి. అక్కడ మూడంగుళాల వెడల్పు ఉండాలి. ఒక వంపు తిప్పి, తర్వాత కట్టబోయే గుట్ట వెనక కాస్త దాచి, మళ్ళీ బయటికి తెచ్చి కుడివైపు వెనక మూలకు చేర్చండి. అక్కడికి చేరేసరికి వెడల్పు ఒక అంగుళానికి తగ్గాలి. ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటే రెండడుగుల బల్ల కూడా చాలా లోతుగా కనిపిస్తుంది. దారి చివర పశువుల పాక పెట్టండి. అది మధ్యలో ఉండాలని ఏమీ లేదు. దారి అక్కడ ఆగితే చాలు, చూపు దానంతటదే అక్కడికి వెళ్తుంది.

దారి పొడుగ్గా ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. మా ఇంట్లో 24 రాత్రి వరకు తొట్టి ఖాళీగా ఉంటుంది. చర్చి నుంచి వచ్చాక బాలయేసును అందులో పడుకోబెడతాం. మర్నాడు తూర్పు దేశపు జ్ఞానులు దారి మొదట్లో బయల్దేరతారు. మత్తయి సువార్తలో వాళ్ళు ముగ్గురని ఎక్కడా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం, ఈ మూడు కానుకల లెక్కన ముగ్గురనుకుంటూ వస్తున్నాం. మా పాప వాళ్ళను రోజుకు ఐదంగుళాలు జరుపుతుంది. జనవరి 6, ముగ్గురు రాజుల పండుగకు పాక చేరాలి. పన్నెండు రోజులకు అరవై అంగుళాలు, అంటే ఐదడుగుల దారి కావాలి. నాలుగడుగుల బల్ల మీద ఐదడుగుల దారి కావాలంటే వంపులు తిప్పక తప్పదు కదా!

తెర మీద: చెప్పుల డబ్బాలు, అట్టపెట్టెలు, థర్మకోల్ ముక్కలు. ఒకదాని మీద ఒకటి పెట్టి మెట్లుగా చేస్తున్నారు.

ఇప్పుడు ఎత్తుపల్లాలు. ముందు భాగం బల్ల మట్టంలోనే ఉంచి, మధ్యలో మూడంగుళాలు, వెనక ఆరంగుళాలు లేపండి. అట్టపెట్టెలు చాలు. థర్మకోల్ వాడితే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. చెప్పులకు, రెక్సిన్‌కు వాడే ఘాటు వాసన గమ్ములు థర్మకోల్‌ను కరిగించేస్తాయి. స్ప్రే పెయింట్ కూడా అంతే. మామూలు తెల్ల ఫెవికాల్, నీళ్ళలో కలిసే యాక్రిలిక్ రంగులు వాడండి.

ఇక కొలత. బొమ్మల రైళ్ళు చేసేవాళ్ళు వాడే కొలతల్లో మనకు తేలికగా గుర్తుండేది ఒకటుంది. అంగుళానికి నాలుగు అడుగులు. అంటే ఐదున్నర అడుగుల మనిషి ఒకటిన్నర అంగుళం లోపే ఉంటాడు. ఏడడుగుల తలుపు అంగుళంముప్పావు. ఒక అంతస్తు ఇంటి గోడ మూడంగుళాలు. ఇల్లు కొనేటప్పుడు దాని తలుపు పక్కన మనిషి బొమ్మను నిలబెట్టి చూడండి. తల తలుపు పై అంచుకు తగిలితే ఆ ఇల్లు వద్దు.

చర్చికి ఈ లెక్క పనికిరాదు. మెదక్ కేథడ్రల్‌నే తీసుకోండి. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ చర్చి గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. మన లెక్కలో దాదాపు 44 అంగుళాలు, మూడున్నర అడుగులు దాటిపోతుంది! కాబట్టి చర్చిని ఇంటికి రెండున్నర రెట్లు ఎత్తు చేసి, వెనక మెట్టు మీద పెట్టండి. దూరంగా ఉందని కన్ను సర్దుకుంటుంది. మిగతా వాటిలో పెద్ద బొమ్మలు ముందు, చిన్నవి వెనక. ఈ వరస తప్పితే ఊరు చెదిరిపోయినట్టుంటుంది.

తెర మీద: దగ్గరగా. పాత శుభలేఖ, స్కేలు, కట్టర్. బంగారు అంచు కనిపిస్తోంది.

మా ఏడు ఇళ్ళలో ఐదు శుభలేఖలతో చేసినవే. ప్రతి ఇంట్లో పెళ్ళిపత్రికల కట్ట ఒకటి ఉంటుంది, పారేయడానికి మనసొప్పదు. ఆ అట్ట గట్టిగా ఉంటుంది, మడిస్తే గీత చక్కగా పడుతుంది. పద్నాలుగు అంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు పట్టీ తీసుకోండి. ఒక్క కార్డు చాలకపోతే రెండు అతికించండి. నాలుగు, మూడు, నాలుగు, మూడు అంగుళాల దగ్గర మడిస్తే నాలుగు గోడలు వచ్చేస్తాయి. మడిచే చోట ముందు సిరా అయిపోయిన పెన్నుతో గట్టిగా గీయండి, అట్ట పగలదు. తలుపు, కిటికీలు మడవకముందే కోయాలి.

ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది. గోడల లోపలివైపు వంటింట్లో వాడే ఫాయిల్ అతికించండి. అది లేకపోతే వెలుగు అట్టలోంచి బయటికొచ్చి ఇల్లంతా ఎర్రగా కాగితం లాంతరులా కనిపిస్తుంది. ఫాయిల్ ఉంటే వెలుగు కిటికీల్లోంచే వస్తుంది. కిటికీలకు లోపలి నుంచి బటర్ పేపర్ వేయండి. బల్బు చుక్క కనబడదు, ఇంట్లో ఎవరో ఉన్నట్టు ఉంటుంది.

తెర మీద: అదే ఇల్లు, ఫాయిల్ లేకుండా ఒకసారి, ఫాయిల్‌తో ఒకసారి. గది చీకటిగా ఉంది.

బల్బుల సంగతికి వద్దాం. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే యూఎస్‌బీతో నడిచే సన్న తీగ ఎల్‌ఈడీ దండలు దొరుకుతాయి. వార్మ్ వైట్ అని అడగండి. ఫోన్ చార్జర్‌కి పెడితే చాలు, వేడి దాదాపు ఉండదు. దూది, అట్ట, థర్మకోల్, ఇవన్నీ అంటుకునేవే. పాత రకం వేడెక్కే బల్బులు వీటి దగ్గరికి రానివ్వకండి. ఒక్కో ఇంటికి వెనక చిన్న రంధ్రం చేసి రెండు మూడు బల్బులు లోపలికి తోయండి. తీగను థర్మకోల్‌లో పెన్సిల్‌తో గుచ్చిన రంధ్రంలోంచి కిందికి దించేయండి. రంగులు మారుతూ మిణుకుమిణుకుమనేవి బయట స్టార్‌కి బాగుంటాయి. ఊరికి నిలకడైన వెలుగే బాగుంటుంది. ఒకటి రెండు ఇళ్ళు చీకటిగా వదిలేయండి. ఊళ్ళో అందరూ ఒకేసారి మేలుకుని ఉండరు కదా.

అమెరికా నుంచి ఎవరైనా లైటున్న పింగాణీ ఇల్లు తెస్తే కాస్త ఆగండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. మా తమ్ముడు డల్లాస్ నుంచి తెచ్చినప్పుడు పిన్ మార్చే అడాప్టర్ పెట్టాం. స్విచ్ వేయగానే టప్పుమని బల్బు పోయింది. ఆ అడాప్టర్ పిన్‌నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. ఫోన్ చార్జర్లు రెండు చోట్లా పనిచేస్తాయి కాబట్టి అన్నీ అంతేననుకున్నాం. ఇప్పుడు ఆ బల్బు వైరు తీసేసి, అదే రంధ్రంలోంచి ఎల్‌ఈడీ దండ పెట్టాం. నాలుగేళ్ళుగా వెలుగుతోంది.

తెర మీద: ఊరి వెనక భాగం. గుండ్రటి బండలు ఒకదానిమీద ఒకటి.

మంచు పెట్టాలా వద్దా? 1223లో ఇటలీలోని గ్రేచోలో అస్సీసీ ఫ్రాన్సిస్ పశువుల తొట్టి దృశ్యాన్ని ఏర్పాటు చేశాడు. దాని చుట్టూ ఊరు పేర్చడం చలిదేశాల్లో బాగా పెరిగింది. జర్మనీ ప్రాంతాల నుంచి అమెరికాలోని పెన్సిల్వేనియా వెళ్ళిన మొరేవియన్ క్రైస్తవులు ఇళ్ళల్లో ఇలాంటివి పెట్టేవాళ్ళు. లోపల దీపం వెలిగే పింగాణీ ఇళ్ళను 1976లో డిపార్ట్‌మెంట్ 56 అనే అమెరికా కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. వాటి కప్పుల మీద మంచు ఉంది, మనకూ ఆ బొమ్మే మనసులో పడిపోయింది.

పిల్లలు మంచు కావాలంటే పెట్టండి, తప్పేం లేదు. కానీ బొంబాయి రవ్వ వద్దు, రెండో రోజుకే చీమలు బారు కడతాయి. ఉప్పు కూడా వద్దు, తేమ పీల్చి తీగలను తినేస్తుంది. దూదిని పలచగా దువ్వి కప్పుల మీద వేస్తే సరి. నాకు మాత్రం మంచుకన్నా, బండలు పేర్చినట్టుండే మా మౌలాలి గుట్టే ఇష్టం. పేపర్ ఉండలు చుట్టి టేపు వేసి, పాత కాటన్ గుడ్డను సగం ఫెవికాల్, సగం నీళ్ళలో ముంచి వాటిమీద కప్పండి. రాత్రంతా ఆరితే రాయిలా గట్టిపడుతుంది. బూడిదరంగు వేసి, పైన గులాబీ రంగు స్పాంజితో అద్దండి. మన గ్రానైట్ అచ్చం అలాగే ఉంటుంది. పెద్ద బండ మీద చిన్న బండ, పడిపోతుందేమో అన్నట్టు పెట్టండి. హైదరాబాద్‌వాళ్ళు చూడగానే గుర్తుపడతారు.

తెర మీద: మూతల్లో మొలకెత్తిన ఆవాలు. దగ్గరగా, ఆకు మీద నీటిబొట్టు.

పచ్చదనానికి డిసెంబర్ 15న ఆవాలు నానబెట్టి, మర్నాడు తడి మట్టి వేసిన మూతల్లో చల్లండి. పండుగకు పొలంలా లేస్తాయి. నీళ్ళు చల్లేవి కాబట్టి వీటిని ముందువైపే ఉంచండి, తీగలు వెనక ఉంటాయి.

తెర మీద: ముందు మూలలో కొండపల్లి ఎడ్లబండి.

ఈ ఎడ్లబండి మాది కాదు, ఎదురింటి ఆంటీది. వాళ్ళింట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. మొదటి ఏడాది మా ఊరు చూసి "బండి లేని ఊరేంటమ్మా?" అని వాళ్ళ అటకమీంచి దించి తెచ్చిచ్చారు. కొండపల్లి బొమ్మ. తెల్ల పొణికి కర్ర కాబట్టి పువ్వంత తేలిగ్గా ఉంటుంది. ఒక ఎద్దు కొమ్ము విరిగితే ఆంటీయే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి అతికించారు. అక్కడ చేసేవాళ్ళు కాళ్ళూ చేతులూ అతికించేది దానితోనేనట. మన కొలతకు బండి కొంచెం పెద్దది, అందుకే దారి మొదట్లో, అందరికన్నా ముందు ఉంటుంది.

జనవరి 6న జ్ఞానులు పాక చేరాక ఊరు విప్పేస్తాం. భోగికి ముందే బండి ఎదురింటికి వెళ్ళిపోవాలి. పోయిన ఏడాది అది వెళ్ళేటప్పుడు మా పాప శుభలేఖతో చేసిన ఇల్లొకటి దానితోపాటు పంపింది. సంక్రాంతి రోజు వెళ్ళి చూస్తే, కొలువులో మూడో మెట్టు మీద ఆ ఇల్లు, కిటికీల్లో వెలుగుతో, గుమ్మం ముందు ఎడ్లబండి.