పెట్టె మీది వేగం ఎక్కడిది?

అందరికీ నమస్కారం. ఇవి రెండు 12 బోర్ షాట్‌గన్ తూటాల పెట్టెలు అనుకుందాం. 12 బోర్ అంటే తుపాకీ గొట్టం సైజు. ఒకదాని మీద వేగం సెకనుకు 1,200 అడుగులని ఉంది, రెండోదాని మీద 375 మీటర్లని. ఆ 375ని అడుగుల్లోకి మారిస్తే 1,230 వస్తుంది. కాబట్టి రెండోదే జోరైనది అనేస్తాం. కాస్త ఆగండి.

తూటాలోంచి వచ్చే పెల్లెట్ చిన్నది, తేలికైనది, పైగా గుండ్రటిది. బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, దాటిన క్షణం నుంచే గాలి దాన్ని పట్టి లాగేస్తుంది. వేగం ఎక్కువగా ఉన్న మొదట్లోనే ఆ నష్టమూ ఎక్కువ. అందుకే కొలిచే పరికరాన్ని ఓ మీటరు అటో ఇటో జరిపితే అంకె మారిపోతుంది.

అమెరికాలో సామీ అనే తయారీదారుల సంస్థ ఉంది, 1926 నాటిది. వాళ్లు బ్యారెల్ మూతి నుంచి 3 అడుగుల దగ్గర కొలుస్తారు. యూరప్‌లో తుపాకులకీ తూటాలకీ ప్రమాణాలు పెట్టే సంస్థ సీఐపీ, 1914లో మొదలైంది. దాని పద్ధతిలో 2.5 మీటర్ల దగ్గర, అంటే 8 అడుగులు దాటాక. టెస్ట్ బ్యారెల్ కూడా ఒకటి కాదు. సామీది 30 అంగుళాలు, సీఐపీది 70 సెంటీమీటర్లు. కొందరు తయారీదారులు మూతి దగ్గరి వేగమే అచ్చు వేస్తారు. మంటా పొగా ఉన్నచోట పరికరం పెట్టలేరు కాబట్టి అది చాలావరకు లెక్కగట్టిన అంకె. చూడ్డానికి మాత్రం భలే ఉంటుంది.

పాత బ్రిటిష్ పద్ధతి నాకు చాలా ఇష్టం. వాళ్లు 20 గజాల దూరానికి సగటు వేగం చెప్పేవారు. మామూలు తూటాకి సెకనుకు 1,070 అడుగులు. వినగానే నీరసంగా అనిపిస్తుంది. కానీ అది 60 అడుగుల ప్రయాణానికి సగటు, మూతి దగ్గర అదే తూటా అంతకంటే బాగా ఎక్కువ వేగంతో బయల్దేరుతుంది. ఆ 60 అడుగులకు పట్టేది సెకనులో 0.056 వంతు. అప్పట్లో దాన్ని బూలాంజే క్రోనోగ్రాఫ్ అనే కాలం కొలిచే పరికరంతో పట్టుకునేవారు. మూతి దగ్గర తీగ తెగగానే ఓ పొడవాటి కడ్డీ కిందికి పడుతుంది. పెల్లెట్లు అవతలి పలకకు తగలగానే రెండో కడ్డీ జారి ఓ కత్తిని విడుస్తుంది. పడుతున్న మొదటి కడ్డీ మీద ఆ కత్తి గాటు పెడుతుంది. ఆ గాటు ఎంత ఎత్తులో ఉందో చూసి కాలం లెక్కగడతారు.

ఇప్పుడు ఏదైనా దాటగానే పసిగట్టే కాంతి తెరలు వచ్చాయి. వాటితో ఇంకో తలనొప్పి. పెల్లెట్లు ఒకే ముద్దగా రావు, గుంపుగా సాగి వస్తాయి. తెరను ముందు దాటింది మొదటి పెల్లెట్టా, లేక తూటాలో మందుకీ పెల్లెట్లకీ మధ్య ఉండే వ్యాడ్ అనే బిళ్ల ముక్కా? దాన్నిబట్టి అంకె మారుతుంది.

ఉక్కు పెల్లెట్ల విషయంలో ఈ తేడా చిన్నది కాదు. అవి గట్టివి, బ్యారెల్‌ని పాడుచేయగలవు. అందుకే ప్రామాణిక 12 బోర్ ఉక్కు తూటాకి సీఐపీ ఒక గరిష్ఠ వేగం పెట్టింది. మొదట సెకనుకు 400 మీటర్లు, తర్వాత 425 చేశారు. ఆ హద్దు 2.5 మీటర్ల దగ్గరది. పెట్టె మీద మూతి వేగం అంతకు మించి కనిపించినా తూటా హద్దులోనే ఉండొచ్చు.

ఇక మన రెండో పెట్టెని తిప్పి చూద్దాం. 375 పక్కన చిన్న అక్షరాల్లో వి0 అని ఉంది, అంటే మూతి దగ్గరి లెక్క. అదే తూటాని 3 అడుగుల దగ్గర కొలిస్తే ఇంచుమించు మొదటి పెట్టె అంకే వస్తుంది.