ఫెట్ టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ రివ్యూ: క్లాసుకు టైమ్ ఒక్కటే చాలదు, గది కూడా దొరకాలి

నమస్తే అండి. కొత్త సెమిస్టర్ వస్తోందంటే టైమ్‌టేబుల్ బాధ్యత నెత్తిన పడే లెక్చరర్లందరి కోసం ఈ వీడియో. మన నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి చాలామంది సార్లు, మేడమ్‌లు దీని గురించే అడుగుతున్నారు. కాబట్టి తొందర లేకుండా చెప్తాను.

ముందుగా మీకు తెలియాల్సిన విషయం ఒకటుంది. టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక కంపెనీ వాళ్ళు మన చానెల్‌కి ఏడాది లైసెన్స్ ఉచితంగా ఇచ్చి, వాడి వీడియో చేయమన్నారు. డబ్బులేమీ తీసుకోలేదు. మా కాలేజీ డేటా మొత్తం అందులో ఎక్కించి, బాగా వాడి చూశాను. చూసిన తర్వాత, వీడియో చేస్తే ఫెట్ మీదే చేయాలనిపించింది. ఆ మాట వాళ్ళకు కూడా చెప్పేశాను. ఇది వాళ్ళ రివ్యూ కాదు కాబట్టి వాళ్ళ పేరు ఇక్కడ తీయను.

ఫెట్ గురించి మామూలు వివరాలు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. రొమేనియాకు చెందిన లివియు లాలెస్కు గారు మొదలుపెట్టిన ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుంది. ఇన్‌స్టాలేషన్ ఎలాగో మళ్ళీ చూపించను. నేరుగా గదుల దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే నాకు ఇందులో ప్రాణం గదుల సెట్టింగే.

మన కాలేజీల్లో టైమ్‌టేబుల్ అనగానే అందరూ చూసేది రెండే. లెక్చరర్‌కు క్లాష్ రావద్దు, సెక్షన్‌కు క్లాష్ రావద్దు. గది సంగతి చివర్లో ఎవరో ఒకరు పెన్సిల్‌తో రాస్తారు. ఇదివరకు మేము గోడకు పెద్ద చార్టు కట్టి, స్కెచ్ పెన్నులతో రంగులు వేసి చేసేవాళ్ళం. తర్వాత ఎక్సెల్‌కు మారాం. ఒకే సార్ పేరు ఒకే పీరియడ్‌లో రెండుసార్లు వస్తే ఆ గడి ఎర్రగా మారేలా పెట్టుకున్నాం. అది బాగానే పనిచేసింది. కానీ 120 మంది ఉన్న కంబైన్డ్ ఇంగ్లిష్ క్లాసు 60 మంది పట్టే గదిలో పడితే ఎక్సెల్‌కు ఏం తెలుస్తుంది? మొదటి రోజు పిల్లలు కారిడార్‌లో నిలబడి రాసుకుంటుంటే మనకు తెలుస్తుంది.

ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ చూడ్డానికి చాలా బాగుంది. మౌస్‌తో పట్టుకుని ఒక గడి నుంచి ఇంకో గడికి లాగేయొచ్చు. ఫోన్ యాప్ ఉంది, పీరియడ్ మారితే లెక్చరర్‌కు మెసేజ్ వెళ్తుంది. అవన్నీ నచ్చాయి. నాకు కోపం తెప్పించింది ఒక్కటే. ముందు టైమ్ మొత్తం ఖాయం చేస్తుంది, ఆ తర్వాత రెండో దశలో గదులు వెతుకుతుంది. అప్పటికి సోమవారం మూడో పీరియడ్‌లో పెద్ద క్లాసులు నాలుగు పడి ఉంటాయి, మన దగ్గర పెద్ద హాళ్ళు రెండే ఉంటాయి. మిగతా రెండింటికీ 'గది లేదు' అని చూపించి ఊరుకుంటుంది. ఆ సర్దుబాటు మనమే చేతితో చేసుకోవాలి. ఒకటి కదిపితే ఇంకో మూడు కదులుతాయి, అంతా ఆగమాగం. నేను సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నది ఆ పని తప్పించుకోవడానికే కదా?

ఫెట్ అలా చేయదు. ఒక క్లాసుకు టైమ్ చూసేటప్పుడే గది కూడా చూస్తుంది. ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ప్రతి గదికి కెపాసిటీ అని ఒక గడి ఉంది. ప్రతి క్లాసులో ఎంతమంది పిల్లలున్నారో కూడా దానికి తెలుసు. 60 సీట్ల గదిలో 120 మంది క్లాసును అది ససేమిరా వేయదు. ఆ పీరియడ్‌లో పెద్ద హాలు ఖాళీ లేదంటే క్లాసునే వేరే పీరియడ్‌కు మారుస్తుంది.

దీని విలువ సెకండ్ లాంగ్వేజ్ పెట్టేటప్పుడు తెలుస్తుంది. బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లలంతా ఆ ఒక్క గంటలో తెలుగు, హిందీ, సంస్కృతం, ఉర్దూ క్లాసులకు విడిపోతారు. నాలుగు క్లాసులూ ఒకేసారి మొదలవ్వాలి, నాలుగు గదులు ఒకేసారి కావాలి. తెలుగుకు పెద్ద హాలు, ఉర్దూకు చిన్న గది చాలు. ఫెట్‌లో 'ఒకే సమయానికి మొదలవ్వాలి' అనే నిబంధన పెట్టి, గదుల కెపాసిటీ సరిగ్గా ఇచ్చి, ఆ క్లాసులకు ఏయే గదులు పనికొస్తాయో లిస్ట్ ఇస్తే చాలు, ఎవరికి ఏ గది అన్నది అదే తేల్చుకుంటుంది.

తెలంగాణలో 2016-17 నుంచి డిగ్రీలో సీబీసీఎస్, అంటే పిల్లలు కొన్ని సబ్జెక్టులు తామే ఎంచుకునే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత బకెట్ సిస్టమ్, అంటే సబ్జెక్టులను బకెట్లుగా పెట్టి వాటిలోంచి ఎంచుకోమనే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఒకే గ్రూపులో కూర్చున్న ఇద్దరు పిల్లలకు కూడా సబ్జెక్టులు ఒకటిగా ఉంటాయన్న నమ్మకం లేదు. పాత పద్ధతిలో ఎంపీసీ అంటే అందరూ కలిసి కదిలేవాళ్ళు. దీనికి ఫెట్‌లో 'డివైడ్ ఇయర్' అని ఒక ఆప్షన్ ఉంది. సెకండ్ లాంగ్వేజ్‌లు నాలుగు, సబ్జెక్టు కాంబినేషన్లు అయిదు ఇచ్చామనుకోండి, అదే 20 సబ్‌గ్రూపులు, అంటే అన్నీ ఒకే సబ్జెక్టులున్న పిల్లల చిన్న గుంపులు తయారుచేస్తుంది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ 20లో పిల్లలు ఒక్కరూ లేని సబ్‌గ్రూపులు ఉంటాయి. వాటిని తప్పకుండా తీసేయండి. లేకపోతే అసలు లేని విద్యార్థికి క్లాష్ రాకుండా చూడాలని సాఫ్ట్‌వేర్ తంటాలు పడుతుంది. 'టైమ్‌టేబుల్ కుదరట్లేదు సార్' అని నాకు వచ్చే ఫైళ్ళలో ముందు నేను చూసేది ఇదే.

ఇప్పుడు హోమ్ రూమ్, అంటే ఒక సెక్షన్‌కు ఇచ్చే సొంత గది గురించి. నేను ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఇదే.

మా నల్లగొండ జిల్లా సంగతి మీకు తెలుసు. మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఊళ్ళున్నాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్న బోరు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను మనం చూస్తూనే పెరిగాం. మా కాలేజీలో ఒక అమ్మాయి ఉంది. కాళ్ళు వంగి ఉంటాయి, మెట్లు ఎక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కాలి. మా బిల్డింగ్‌లో లిఫ్ట్ లేదు. పాత టైమ్‌టేబుల్‌లో వాళ్ళ సెక్షన్‌కు మొదటి పీరియడ్ కింద, రెండోది రెండో అంతస్తులో, మూడోది మళ్ళీ కింద. ఆ అమ్మాయి రెండో పీరియడ్‌కు వచ్చేసరికి పాఠం సగం అయిపోయేది. కొన్ని రోజులు పైకి రాకుండా లైబ్రరీలోనే కూర్చునేది. హాజరు పట్టీలో మాత్రం ఆబ్సెంట్ పడేది.

ఫెట్‌లో ఒక సెక్షన్‌కు హోమ్ రూమ్ అని పెట్టొచ్చు. మేము ఆ సెక్షన్‌కు గ్రౌండ్ ఫ్లోర్ గది ఇచ్చి వెయిట్ 100 పెట్టాం. వెయిట్ 100 అంటే తప్పనిసరి. అంతకు తగ్గితే వీలైనంత వరకు పాటిస్తుంది కానీ అవసరమైతే జరుపుతుంది. ఇక లెక్చరర్లే ఆ గదికి వస్తారు, పిల్లలు కదలక్కర్లేదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏదైనా సబ్జెక్టుకు మీరు విడిగా వేరే గది కేటాయిస్తే, ఆ సబ్జెక్టుకు హోమ్ రూమ్ వర్తించదు. ల్యాబ్‌లు ఇక్కడే దెబ్బకొడతాయి. ల్యాబ్ పైన ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కిందికి దించలేదు కదా. మేము ఆ సెక్షన్ కంప్యూటర్ ప్రాక్టికల్స్‌ను కింద ఉన్న చిన్న ల్యాబ్‌కు మార్చి, పై ల్యాబ్ వేరే సెక్షన్లకు ఇచ్చాం. హెచ్‌ఓడీ మేడమ్ సాయం చేశారు కాబట్టి కుదిరింది.

ఇది మనం దయతో చేసే పని అనుకోవద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల భవనాలు వీళ్ళకు అందుబాటులో ఉండాలి. లిఫ్ట్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. ఏ గదిలో ఏ క్లాసు అన్నది మాత్రం పూర్తిగా టైమ్‌టేబుల్ ఇంఛార్జి చేతిలో ఉంది. అందుకే గదులను రెండో దశకు తోసేసే సాఫ్ట్‌వేర్ అంటే నాకు కోపం.

ఇక టైమ్ నిబంధనలు. గెస్ట్ లెక్చరర్లకు పీరియడ్ లెక్కన డబ్బులొస్తాయి కాబట్టి చాలామంది రెండు కాలేజీల్లో చెప్తారు. వాళ్ళు ఏ రోజుల్లో రాలేరో ఆ గడుల్లో క్రాస్ పెట్టేయండి. లీజర్ పీరియడ్లు ఒకరికి మరీ ఎక్కువ, ఒకరికి అసలు లేకుండా పడకుండా గ్యాప్‌ల మీద కూడా హద్దు పెట్టొచ్చు. దేవరకొండ, హాలియా వైపు నుంచి బస్ పాస్‌తో వచ్చే పిల్లలు ఎక్కువున్న సెక్షన్లకు చివరి పీరియడ్‌లో ప్రాక్టికల్ పడకుండా మేము చూసుకున్నాం. ప్రాక్టికల్ ఆలస్యమైతే బస్సు వెళ్ళిపోతుంది, ఇంట్లో వాళ్ళు టెన్షన్ పడతారు.

జనరేట్ నొక్కాక ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను. అన్ని అమరికలనూ ప్రయత్నించి చూస్తే సరిపోతుంది కదా అని అడుగుతుంటారు. టైమ్‌టేబుల్ సమస్య ఎన్‌పీ-కంప్లీట్ కోవకు చెందినదని 1976లోనే ఈవెన్, ఇతాయ్, షామిర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు నిరూపించారు. అంటే క్లాసులు పెరిగేకొద్దీ అన్నీ ప్రయత్నించి చూడడం ఎంత పెద్ద కంప్యూటర్‌కైనా అసాధ్యమవుతుంది. ఫెట్ మొదట్లో జెనెటిక్ అల్గారిథం, అంటే జీవపరిణామంలా కొన్ని జవాబులను కలిపి, మార్చి మెల్లగా మెరుగుపరిచే పద్ధతి వాడేది. 2007లో పద్ధతి మార్చారు. ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన క్లాసును ముందు పెడుతుంది. తర్వాతి దానికి చోటు లేకపోతే అడ్డొచ్చిన క్లాసులను లేపి, వాటికి వేరే చోటు చూస్తుంది. పెళ్ళి విడిదింట్లో ఆలస్యంగా దిగిన పెద్దవాళ్ళ కోసం కుర్రాళ్ళను పక్క గదిలోకి సర్దినట్టన్న మాట. మామూలు కాలేజీ డేటాకు కొన్ని నిమిషాలు చాలు. ఎక్కడైనా అదే పనిగా ఆగిపోతే స్టాప్ నొక్కండి, ఇబ్బంది పెడుతున్న క్లాసుల లిస్ట్ చూపిస్తుంది. తొంభై శాతం సమస్య ఆ లిస్ట్‌లోని రెండు మూడు క్లాసుల్లోనే దొరుకుతుందని నా అనుభవం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చూడ్డానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. కిటికీ మీద కిటికీ తెరుచుకుంటూ పోతుంది. మౌస్‌తో లాగి గడి మార్చే సౌకర్యం లేదు. డేటా ఎక్కించడం విసుగు పుట్టిస్తుంది, కాబట్టి ఎక్సెల్‌లో సిద్ధం చేసుకుని, సీఎస్‌వీ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసి ఇంపోర్ట్ చేయండి. సెమిస్టర్ మధ్యలో ఒకరు బదిలీ అయితే మళ్ళీ జనరేట్ చేయగానే అందరి పీరియడ్లూ మారిపోతాయేమో అని భయపడుతుంటారు. ముందు అన్ని క్లాసులనూ లాక్ చేసి, బదిలీ అయినవాళ్ళ క్లాసులు మాత్రమే అన్‌లాక్ చేసి జనరేట్ చేయండి. మిగతావాళ్ళది కదలదు.

ఫలితం బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ పేజీలుగా వస్తుంది. సెక్షన్లకు వేరుగా, లెక్చరర్లకు వేరుగా, గదులకు వేరుగా. పేర్లు తెలుగులో ఇస్తే తెలుగులోనే వస్తాయి. గదుల పేజీలు ప్రింట్ తీసి ప్రతి తలుపుకూ అంటించండి. ఏ గది ఎప్పుడు ఖాళీయో అందరికీ కనిపిస్తుంది, స్పెషల్ క్లాసులకు గొడవలుండవు.

అన్నెపర్తిలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ లాంటి క్యాంపస్‌లకు కూడా ఇది సరిపోతుందా అని అడిగారు. ఒక్కో డిపార్ట్‌మెంట్‌కు, ఒక్కో కాలేజీకి హాయిగా సరిపోతుంది. భవనం మారే చోట మధ్యలో ఖాళీ ఉండాలనే నిబంధన కూడా ఇందులో ఉంది. యూనివర్సిటీ మొత్తానికి పరీక్షలతో సహా ఒకేచోట కావాలంటే అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో పుట్టిన యూనిటైమ్ చూడండి. అదీ ఓపెన్ సోర్సే. దాన్ని నడపడానికి సర్వర్ కావాలి, దాన్ని చూసుకునే మనిషి కావాలి. అవి లేని డిగ్రీ కాలేజీకి నా ఓటు ఫెట్‌కే. ఫోన్ యాప్ లేకపోయినా, ముఖం పాతదైనా, ఫెట్‌కే.

వచ్చే వీడియోలో బకెట్లను సబ్‌గ్రూపులుగా మార్చడం మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. అప్పటికి మీరు మీ కాలేజీ అంతా ఒకసారి తిరిగి గదుల లిస్ట్ రాసి పెట్టుకోండి. గది నంబరు, ఏ అంతస్తు, ఎంతమంది పడతారు, ప్రొజెక్టర్ ఉందా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా. మెట్లు ఎక్కలేని పిల్లలు, లెక్చరర్లు ఎవరెవరున్నారో, వాళ్ళు ఏ సెక్షన్‌లో ఉన్నారో కూడా అదే కాగితం మీద రాయండి.