గర్భసంచికి ఆనుకుని ఏమున్నాయి: కాన్పు, గర్భసంచి ఆపరేషన్ల వెనుక ఉన్న శరీర నిర్మాణం

[తెరపై: కటి భాగాన్ని నిలువుగా కోసి పక్కనుంచి చూపే రేఖాచిత్రం. ముందు మూత్రాశయం, మధ్యలో గర్భాశయం, వెనుక పురీషనాళం వేర్వేరు రంగుల్లో కనిపిస్తాయి.]

నమస్కారం. పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, సత్యవేడు వంటి చోట్ల నుంచి కాన్పుకో, గర్భసంచి ఆపరేషన్‌కో తిరుపతికి వచ్చేవారికీ, చిత్తూరు, పలమనేరు వైపు నుంచి వేలూరుకు వెళ్లేవారికీ, వారికి సేవ చేయబోయే నర్సింగ్ విద్యార్థినులకూ ఉపయోగపడాలని ఈ పాఠాన్ని తయారుచేశాము. స్త్రీల ఆపరేషన్ల గురించి చెప్పేటప్పుడు సాధారణంగా గర్భసంచి ఒక్కదాన్నే బొమ్మ గీసి చూపిస్తారు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు గాని, దాన్ని ఎంతసేపు చూసినా ఆపరేషన్‌లో కష్టం ఎక్కడుందో తెలియదు. గర్భసంచిని కోయడం, కుట్టడం కన్నా దానికి ఆనుకుని ఉన్న అవయవాలకు దెబ్బ తగలకుండా చూడడమే ఇక్కడ పెద్ద పని.

గర్భం లేనప్పుడు గర్భాశయం సుమారు ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉంటుంది. 50, 60 గ్రాములు తూగే ఈ కండరం నెలలు నిండేసరికి దాదాపు కిలో బరువవుతుంది. పైనున్న గుండ్రటి భాగాన్ని ఫండస్ అనీ, కిందికి సన్నగా దిగి యోనిలోకి తెరుచుకునే భాగాన్ని ముఖద్వారం లేదా సర్విక్స్ అనీ అంటారు. లోపలి పొర అయిన ఎండోమెట్రియం ప్రతి నెలా పెరిగి, గర్భం నిలవకపోతే ఊడి బహిష్టుగా వెళ్లిపోతుంది. పై మూలల నుంచి రెండు వైపులా సుమారు 10 సెంటీమీటర్ల పొడవైన ఫాలోపియన్ నాళాలు బయలుదేరుతాయి. వాటి చివరి అంచులు అండాశయాల దగ్గర తెరుచుకుంటాయి. అండమూ వీర్యకణమూ కలిసేది గర్భసంచిలో కాదు, ఈ నాళంలోనే, ఆంపుల్లా అనే వెడల్పాటి భాగంలో.

గర్భసంచికి ముందు మూత్రాశయం ఆనుకుని ఉంటుంది. వెనుక పురీషనాళం ఉంటుంది. గర్భసంచికీ పురీషనాళానికీ మధ్య, పొత్తికడుపులో అన్నిటికన్నా దిగువన ఉండే సందును డగ్లస్ సంచి అంటారు. కడుపులో రక్తస్రావమైతే ముందుగా వచ్చి చేరేది అక్కడికే కాబట్టి, నాళంలో గర్భం పగిలిందన్న అనుమానం వచ్చినప్పుడు స్కానింగ్‌లో ఆ చోటును ప్రత్యేకంగా చూస్తారు.

[తెరపై: గర్భసంచిని ముందు నుంచి చూపే చిత్రం. ఎర్రటి ధమని అడ్డంగానూ, దాని కింద పసుపుపచ్చని నాళం నిలువుగానూ కదులుతూ కనిపిస్తాయి.]

ఇక ఈ పాఠానికి ప్రాణం వంటి చోటు. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి మూత్రాన్ని తెచ్చే నాళాన్ని యురేటర్ అంటారు. ఒక్కొక్క వైపు సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న ఈ నాళం కటిలోకి దిగి, ముఖద్వారానికి ఇంచుమించు 2 సెంటీమీటర్ల దూరంలో, గర్భసంచికి రక్తాన్నిచ్చే ధమని కిందుగా సాగిపోతుంది. స్వర్ణముఖి మీది వంతెననే తలచుకోండి: పైన అడ్డంగా ఉన్న వంతెన గర్భాశయ ధమని, కింద పారే నీరు యురేటర్‌లోని మూత్రం. గర్భసంచిని తీసేటప్పుడు ఆ ధమనిని పట్టకారుతో పట్టి, కోసి, ముడి వేయక తప్పదు. ఆ పట్టకారు గర్భసంచి గోడను అంటిపెట్టుకుని పడితే ఇబ్బంది లేదు. ఒకటిన్నర సెంటీమీటరు పక్కకు జరిగితే దాని నోట్లో యురేటర్ కూడా పడవచ్చు. గడ్డలతో గర్భసంచి ఆకారం మారిపోయినప్పుడు, పాత ఆపరేషన్ల వల్ల లోపలి భాగాలు అతుక్కుపోయినప్పుడు, రక్తస్రావంలో చోటు సరిగా కనిపించనప్పుడు ఆ పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. అనుభవం గల సర్జన్లు ధమనిని కట్టే ముందు యురేటర్ ఎటు వెళుతోందో గుర్తించుకోవడానికి సమయం తీసుకునేది ఇందుకే. ఆపరేషన్ ఎంత త్వరగా ముగిసిందన్న దాన్ని బట్టి డాక్టరు నైపుణ్యాన్ని లెక్కగట్టే అలవాటు మనవాళ్లలో ఉంది. ఈ రెండు సెంటీమీటర్ల సంగతి తెలిసినవారు ఆ లెక్క వేయరు.

అండాశయాల రక్తనాళాల సంగతి వేరు. వాటి ధమనులు కటిలో పుట్టవు. నడుము ఎత్తున, మూత్రపిండాల ధమనులకు కాస్త దిగువన, మహాధమని నుంచే నేరుగా బయలుదేరుతాయి. పిండదశలో అండాశయాలు మూత్రపిండాల దగ్గరే ఏర్పడి, తరువాత తమ రక్తనాళాలను వెంట తీసుకునే కిందికి దిగుతాయి. అందువల్ల గర్భసంచిని తీసివేసినా అండాశయాలకు రక్తం అందుతూనే ఉంటుంది, వాటిని ఉంచేయడం సాధ్యమవుతుంది.

[తెరపై: పొత్తికడుపు కింద అడ్డకోత. పొరలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి.]

ఇప్పుడు సిజేరియన్. నడుములో మత్తు సూది వేశాక, తల్లి మెలకువగా ఉండగానే, ముందుగానే యాంటీబయాటిక్ ఇచ్చి ఆపరేషన్ మొదలుపెడతారు. జఘనాస్థికి కాస్త పైన అడ్డంగా కోసే పద్ధతిని 1900లో జర్మనీకి చెందిన ఫానెన్‌స్టీల్ ప్రచురించాడు. చర్మం, కొవ్వు, దాని కింద తెల్లటి గట్టి పొరను కోస్తారు. ఆ కింద ఉన్న పొట్ట కండరాలను మాత్రం కోయరు, మధ్యలో విడదీసి పక్కలకు జరుపుతారు. ఉదరపు లోపలి పొర తెరిచాక గర్భసంచి కనిపిస్తుంది. దాని కింది భాగానికి అంటుకుని ఉన్న మూత్రాశయాన్ని అవసరమైనంత కిందికి తప్పిస్తారు. కత్తి పెట్టకముందే మూత్రపు గొట్టం వేసి మూత్రాశయాన్ని ఖాళీ చేయడం కూడా ఈ పొరుగు వల్లనే.

గర్భసంచిని ఎక్కడ కోస్తారన్నది చరిత్రలో పెద్ద మలుపు. పంతొమ్మిదో శతాబ్దం దాకా గర్భసంచి పై భాగాన్ని నిలువుగా కోసి, చాలాసార్లు కుట్టకుండానే వదిలేసేవారు. రక్తస్రావంతోనో, చీము పట్టో తల్లులు ఎక్కువగా చనిపోయేవారు. 1876లో ఇటలీలోని పావియాలో పోర్రో అనే వైద్యుడు బిడ్డను తీశాక గర్భసంచినే తీసేసి తల్లిని బతికించాడు. 1882లో జర్మనీలో మాక్స్ జేంగర్ గర్భసంచిని జాగ్రత్తగా కుట్టి చూపడంతో దాన్ని తీయవలసిన అవసరం తగ్గింది. 1920లలో గ్లాస్గోకు చెందిన మన్రో కెర్ గర్భసంచి కింది భాగంలో అడ్డకోతను ప్రచారంలోకి తెచ్చాడు. గర్భం చివరి నెలల్లో సాగి పలచబడే ఆ భాగంలో రక్తస్రావం తక్కువ, మానిన మచ్చ గట్టిది. మీ డిశ్చార్జి కాగితం మీద ఎల్‌.ఎస్‌.సి.ఎస్‌. అని రాసి ఉంటే ఆ కింది కోత వేశారని అర్థం.

ఇందులో ఒక మెలిక ఉంది. పొట్ట మీద కనిపించే గీతను బట్టి లోపల గర్భసంచిని ఎలా కోశారో చెప్పలేము. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నప్పుడో, నెలలు బాగా తక్కువైనప్పుడో చర్మం మీద అడ్డంగా కోసినా లోపల నిలువుగా కోయవలసి రావచ్చు. తరువాతి గర్భంలో అది ప్రాణం మీదికి వచ్చే విషయం. కింది అడ్డకోత ఒకటే ఉన్నవారు మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే ఆ మచ్చ విడిపోయే ప్రమాదం వందలో ఒకటికన్నా తక్కువ; పై భాగంలో నిలువుకోత ఉన్నవారిలో అది ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి వారికి నొప్పులు రాకముందే ఆపరేషన్ చేస్తారు. రేకు బీరువాలో పట్టుచీర మడతల్లో దాచినంత భద్రంగా ఆ డిశ్చార్జి కాగితాన్ని దాచుకోవాలని మేము చెప్పేది అందుకే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం. జనాభా మొత్తం మీద ఈ సంఖ్య 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు దానివల్ల ఇంకా తగ్గినట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. దీన్ని పట్టుకుని ప్రతి సిజేరియన్‌నూ అనుమానించడం అన్యాయం. బిడ్డ గుండె వేగం పడిపోతున్నప్పుడు ముహూర్తం చూసుకునే వ్యవధి ఉండదు. ఏ ఇబ్బందీ లేకుండా, ముహూర్తం కోసమే చేయించుకునే ఆపరేషన్‌ను మాత్రం మేము సమర్థించలేము. దాని ఫలితం తరువాతి కాన్పులో బయటపడుతుంది. పాత మచ్చ మీద మాయ అతుక్కుంటే అది గర్భసంచి కండరంలోకి, ఒక్కోసారి మూత్రాశయం దాకా చొచ్చుకుపోవచ్చు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో మాయ కిందికి ఉన్నవారిని పరిశీలించగా, రెండో సిజేరియన్‌కు వచ్చినవారిలో 11 శాతం మందికీ, మూడో సిజేరియన్‌కు వచ్చినవారిలో 40 శాతం మందికీ ఇలా లోతుగా అతుక్కుంది. అటువంటి తల్లిని రక్తనిధి, మత్తు డాక్టరు, మూత్రకోశ సర్జన్ అందుబాటులో ఉన్న పెద్ద ఆసుపత్రికి ముందుగానే చేర్చాలి.

కాన్పు తరువాత రక్తస్రావం ఆగే తీరు కూడా శరీర నిర్మాణంలోనే ఉంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు మించి రక్తం వస్తుంది. మాయ ఊడిన వెంటనే, అడ్డదిడ్డంగా అల్లుకున్న కండరపు పోగులు బిగిసి తమ మధ్యగా వెళ్లే రక్తనాళాలను నొక్కేస్తాయి. బిగియకపోతే పొట్ట మీద మర్దన, కండరాన్ని బిగించే ఆక్సిటోసిన్, రక్తపు గడ్డ కరగకుండా చూసే ట్రానెగ్జామిక్ ఆమ్లం, లోపల బెలూను పెట్టడం, గర్భసంచిని చుట్టి నొక్కిపట్టే, 1997లో వెలువడిన బి-లించ్ కుట్టు, ధమనులను కట్టడం అనే మెట్లు ఒకదాని తరువాత ఒకటి ఎక్కుతారు. గర్భసంచిని తీయడం చివరి మెట్టు. అయితే ఆ మెట్టు ఎక్కడానికి సంకోచించి ఆలస్యం చేస్తే తల్లి దక్కదు.

ట్యూబెక్టమీ గురించి కొద్దిగా. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో రెండు నాళాలను మధ్యలో కట్టి కొంత ముక్క తీసేస్తారు, లేదా లాప్రోస్కోప్‌తో చిన్న రింగులు వేస్తారు. గర్భసంచినీ, అండాశయాలనూ ముట్టుకోరు కాబట్టి బహిష్టు మామూలుగానే వస్తుంది. భర్తకు చేసే వాసెక్టమీ ఇంతకన్నా సులువు, పొట్ట తెరిచే పనే లేదు. అయినా మన ఇళ్లలో ఆ మాట ఎత్తేవారే తక్కువ.

[తెరపై: డిశ్చార్జి కాగితం నమూనా. టి.ఏ.హెచ్‌., బి.ఎస్‌.ఓ. అన్న అక్షరాల చుట్టూ ఎర్రటి గీత.]

గర్భసంచి తీసేశారని చెప్పే చాలామందికి ఏం తీశారో, ఏం ఉంచారో తెలియదు. కాగితం మీద టి.ఏ.హెచ్‌. అని ఉంటే పొట్ట కోసి, ముఖద్వారంతో సహా గర్భసంచిని పూర్తిగా తీశారని అర్థం. వి.హెచ్‌. అంటే యోని ద్వారా తీశారని. గర్భసంచి జారినవారికి ఎక్కువగా చేసే పద్ధతి ఇది. వాటి పక్కన బి.ఎస్‌.ఓ. అని ఉంటే రెండు వైపులా నాళాలనూ, అండాశయాలనూ కూడా తీసేశారన్నమాట. ముఖద్వారాన్ని ఉంచేసిన వారికి ఆ తరువాత కూడా ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు అవసరం. నలభై ఏళ్లలోపు అండాశయాలు పోయిన స్త్రీకి మర్నాటి నుంచే మెనోపాజ్ మొదలైనట్టే: ఒళ్లు వేడెక్కడం, నిద్ర పట్టకపోవడం, తరువాతి ఏళ్లలో ఎముకలు పెళుసెక్కడం, గుండెజబ్బు ప్రమాదం పెరగడం. ఇవి ఉన్నప్పుడు డాక్టరుకు ఆ అక్షరాలు చూపితే తగిన మందులు మొదలుపెట్టగలరు.

చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం మన రాష్ట్రంలో దేశ సగటుకు రెట్టింపు కన్నా ఎక్కువ. తెల్లబట్ట అవుతోందనీ, నడుము నొప్పి అనీ, పిల్లలు పుట్టారు కదా ఇంక ఆ సంచితో పనేముందనీ, ఉంచితే క్యాన్సర్ వస్తుందనీ చెప్పే మాటలు దీనికి కారణం. తెల్లబట్టకు మందులున్నాయి. అధిక రక్తస్రావానికి మాత్రలు, గర్భసంచి లోపల అమర్చే హార్మోన్ సాధనం, గడ్డను మాత్రమే తీసే మయోమెక్టమీ ఉన్నాయి. క్యాన్సర్ అనుమానమైతే ముందు ముక్క తీసి పరీక్షించాలి. ఇటువంటి అనవసరపు ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ తరువాత ఇంటికి వెళ్లినవారు గమనించవలసిన సంగతి మళ్లీ ఆ పక్క అవయవాలదే. ఒకవైపు నడుములో తీవ్రమైన నొప్పి, జ్వరం, పొట్ట ఉబ్బరం, లేదా మొదటి రెండు వారాల్లో యోని ద్వారా ఆగకుండా నీరు కారడం కనిపిస్తే దాన్ని తెల్లబట్ట అనుకుని ఊరుకోకూడదు. అది మూత్రం కావచ్చు. మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడితే మూత్రం ఇలా కారుతుంది; ఆ రంధ్రాన్ని ఫిస్టులా అంటారు. దాన్ని కుట్టే పద్ధతిని 1840లలో అమెరికాలో మేరియన్ సిమ్స్ రూపొందించాడు. అందుకోసం అనార్కా, బెట్సీ, లూసీ వంటి బానిస స్త్రీల మీద మత్తు లేకుండా పదేపదే ఆపరేషన్లు చేశాడు. నేటికీ ప్రతి కాన్పుల గదిలో వాడే ఒక పరికరానికి సిమ్స్ పేరే ఉంది, ఆ స్త్రీల పేర్లు ఏ పరికరానికీ లేవు.

[తెరపై: యోనిలో ఒకదాని మీద ఒకటిగా మూడు దూది ఉండలు. మూత్రాశయంలోకి నీలిరంగు ద్రవం ఎక్కుతుంది.]

కారేది ఎక్కడి నుంచో తెలుసుకునే పరీక్ష ఖరీదైనది కాదు. యోనిలో మూడు దూది ఉండలు పెట్టి, గొట్టం ద్వారా మూత్రాశయంలోకి మిథిలీన్ బ్లూ కలిపిన నీరు ఎక్కించి, రోగిని కాసేపు నడిపించి ఉండలను తీసి చూస్తారు. మధ్య ఉండ నీలంగా మారితే రంధ్రం మూత్రాశయానిది. పై ఉండ తడిసినా నీలం అంటకపోతే, ఆ మూత్రం మూత్రాశయానికి చేరకముందే బయటపడుతున్నట్టు, అంటే దెబ్బ తగిలింది యురేటర్‌కు. మొదటిది చిన్నదైతే కొన్ని వారాలు గొట్టం ఉంచితే తనంతట తానే మూసుకోవచ్చు. రెండోదానికి లోపల స్టెంట్ అనే సన్నని గొట్టం పెట్టడమో, నాళాన్ని తిరిగి మూత్రాశయంలో కలిపి కుట్టడమో చేయాలి. ఆలస్యమైతే ఆ వైపు మూత్రపిండం దెబ్బతింటుంది కాబట్టి, కారడం మొదలైన రోజే ఆపరేషన్ చేసిన చోటికి గాని, మూత్రకోశ సర్జన్ ఉన్న ఆసుపత్రికి గాని వెళ్లాలి.