ఎఫ్‌డీ తీసి ఏఐ షేర్లు కొందామంటున్నాడు మా అబ్బాయి

యాంకర్: వరంగల్ నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. నేను రిటైర్డ్ టీచర్‌ని. ఎఫ్‌డీలో 12 లక్షలున్నాయి. మా అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, అది తీసేసి అమెరికా ఏఐ షేర్లు కొందాం, రెండేళ్లలో డబుల్ అవుతుందని రోజూ ఫోన్లో ఒకటే పోరు. టీవీలోనేమో అదంతా బబుల్, రేట్లు గాలిబుడగలా ఉబ్బాయి, పగిలిపోతుందంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

సలహాదారు: ఆ డబ్బు దేనికని దాచారమ్మా?

కాలర్: చిన్నమ్మాయి పెళ్లికి. వచ్చే మాఘంలో చేద్దామని.

సలహాదారు: అయితే దాన్ని ముట్టుకోవద్దు. బబుల్ అయినా కాకపోయినా నా మాట ఇదే.

కాలర్: మరి ఏఐ అంతా ఉత్తదేనా సార్?

సలహాదారు: ఉత్తది కాదమ్మా. పని నిజం, రేటు మాత్రం పనిని దాటి పరిగెత్తిందని నా అభిప్రాయం. 2000 మార్చిలో సిస్కో ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ అయింది, ఇంటర్నెట్‌కి కావలసిన రౌటర్లు అమ్మేది, లాభాలూ నిజమైనవే. తర్వాత షేరు కుప్పకూలింది. ఇంటర్నెట్ ఇంటింటికీ వచ్చింది, కంపెనీ బతికే ఉంది, కానీ ఆ పాత రేటు మళ్లీ చూడటానికి 2025 డిసెంబర్ దాకా పట్టింది.

కాలర్: పాతికేళ్లా!

సలహాదారు: అవును. ఇప్పుడు నన్ను ఎక్కువగా భయపెట్టేది డబ్బు తిరిగే తీరు. 2025 సెప్టెంబర్‌లో చిప్పులు అమ్మే ఎన్విడియా, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐలో 100 బిలియన్ డాలర్ల దాకా పెడతామని ప్రకటించింది. ఆ ఓపెన్ఏఐ కట్టే డేటా సెంటర్లలో, అంటే ఏఐని నడిపే కంప్యూటర్లుండే చోట్ల, ఎక్కువగా వాడేది ఎన్విడియా చిప్పులే. మీ వైపు ఎరువుల షాపాయన రైతుకి అప్పిచ్చి, ఆ అప్పుతో తన దగ్గరే విత్తనాలు, మందులు కొనిపిస్తాడు చూడండి, పుస్తకంలో అమ్మకం ఘనంగా కనపడుతుంది, పత్తి పండితే ఇద్దరూ బాగుంటారు, ఎండితే రైతుతో పాటు షాపూ మునుగుతుంది.

కాలర్: మా అబ్బాయేమో, పడ్డా మళ్లీ లేచిందిగా అమ్మా అంటాడు.

సలహాదారు: నిజమే. 2025 జనవరి 27న తక్కువ ఖర్చుతో చేశామన్న చైనా ఏఐ డీప్‌సీక్ దెబ్బకి ఎన్విడియా ఒక్కరోజులో 17 శాతం పడింది, అదే ఏడాది అక్టోబర్‌కి 5 ట్రిలియన్ డాలర్ల కంపెనీ అయింది. కానీ లేచేదాకా ఆగగలిగినవాళ్లకే అది లాభం. ముహూర్తం ఆగదు కదమ్మా. ఇంకొకటి, మీ అబ్బాయి జీతం వచ్చేదీ ఆ రంగం నుంచే. 2001లో డాట్‌కామ్ అనే ఇంటర్నెట్ కంపెనీలు మూతపడ్డప్పుడు మా వీధి పిల్లలు ఇద్దరు అమెరికా నుంచి ఉద్యోగం పోయి తిరిగొచ్చారు, వాళ్ల ఇళ్లలో ఆ ఏడాది ఎలా గడిచిందో నేను దగ్గరుండి చూశాను. వాడి ఉద్యోగం, మీ ఎఫ్‌డీ ఒకే రోజు దెబ్బతినే పరిస్థితి తెచ్చుకోకండి.

కాలర్: మరి వాడికి ఏమని చెప్పను?

సలహాదారు: పెళ్లి డబ్బు ఇవ్వనని చెప్పండి. అంత నమ్మకముంటే తన జీతంలోంచి నెలకి కొంత ఇండెక్స్ ఫండ్‌లో వేసుకోమనండి, అది చాలా పెద్ద కంపెనీల్లో కొంచెం కొంచెం పెట్టే ఫండ్, అందులో ఏఐ కంపెనీలూ ఉంటాయి. ఎఫ్‌డీ ఇంకా బ్రేక్ చేయలేదు కదా?

కాలర్: లేదండి, రేపు బ్యాంకుకి వెళ్దామనుకున్నా. ఇక వెళ్లను.

సలహాదారు: రసీదు చూడండి, మెచ్యూరిటీ ఎప్పుడు?

కాలర్: అక్టోబర్‌లో.

సలహాదారు: పెళ్లికి సరిగ్గా సరిపోతుందమ్మా.