సింపుల్‌లాగిన్ రివ్యూ: ఏలియాస్ డిలీట్ కొట్టే ముందు ఈ వీడియో చూడండి

నమస్తే అండీ. సింపుల్‌లాగిన్ అంటే మన అసలు మెయిల్ అడ్రస్ బయటపెట్టకుండా, సైట్లకి ఇవ్వడానికి ఏలియాస్‌లు, అంటే మారు అడ్రస్‌లు ఇచ్చే సర్వీసు, వాటికొచ్చే మెయిల్స్ మన అసలు ఇన్‌బాక్స్‌కే వస్తాయి. ఈ వీడియోకి ఎవరూ డబ్బులివ్వలేదు, నేను వాడుతున్నది ఫ్రీ ప్లానే. 10 ఏలియాస్‌లు ఇస్తారు, ఓపెన్ సోర్స్, 2022లో ప్రోటాన్ కంపెనీ కొనేసింది, ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను మాట్లాడేది ఒక్క ఆన్ ఆఫ్ స్విచ్ గురించే.

కొత్త ఏలియాస్ చేసుకోవడం ఏ సర్వీసులోనైనా తేలికే. వద్దనుకున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఇంతకుముందు నేను వాడినదాంట్లో, పేరెందుకులెండి, డిలీట్ తప్ప ఇంకో దారి లేదు. ఒక సైట్ నుంచి ప్రమోషన్ మెయిల్స్ భరించలేక దానికిచ్చిన ఏలియాస్ తీసేస్తే, ఆ సైట్ పాస్‌వర్డ్ రీసెట్ లింక్ కూడా రాకుండా పోయింది, ఆ అడ్రస్ మళ్లీ తెచ్చుకునే వీల్లేదన్నారు. డిలీట్ నొక్కేటప్పుడు ఒక్క హెచ్చరిక ఇవ్వడానికి ఏం పోయింది వాళ్లకి? ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సింపుల్‌లాగిన్‌లో ప్రతి ఏలియాస్ పక్కనే స్విచ్ ఉంటుంది. ఆపేస్తే మెయిల్స్ మీదాకా రావు, అడ్రస్ మాత్రం మీదే. లాగిన్ కోడ్ కావాలా, ఆన్ చేసి కోడ్ అడగండి, పనయ్యాక మళ్లీ ఆపేయండి. ఆఫ్‌లో ఉండగా వచ్చినవి తర్వాత రావు కాబట్టి ముందు ఆన్ చేయాలి, అదొక్కటి గుర్తుంచుకోండి. ఏలియాస్ మొత్తం ఆపడం ఇష్టం లేకపోతే విసిగించే ఒక్క సెండర్‌నే బ్లాక్ చేయొచ్చు. ఇంకా నాకు బాగా నచ్చింది, మెయిల్‌లో కనిపించే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ నొక్కగానే ఏలియాస్ ఆగిపోయేలా సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు, అంటే అవతలి సైట్ మన మాట వింటుందా లేదా అన్న టెన్షనే ఉండదు!

నచ్చనిది కూడా ఉంది. ఏలియాస్ నుంచి కొత్తవాళ్లకి మెయిల్ పంపాలంటే ముందు వాళ్లని కాంటాక్ట్‌గా చేర్చి, అది ఇచ్చే రివర్స్ ఏలియాస్‌కి, అంటే వాళ్ల కోసం తయారుచేసిచ్చే ప్రత్యేక అడ్రస్‌కి పంపాలి. వచ్చిన మెయిల్‌కి రిప్లై ఇవ్వడం మామూలుగానే ఉంటుంది గానీ, ఇది మాత్రం చిరాకే.

అయినా నా ఓటు దీనికే, ఆ స్విచ్ ఒక్కటి చాలు. నిజంగానే డిలీట్ చేయాలనుకుంటే ముందు పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఆ ఏలియాస్ వెతకండి, ఏ అకౌంట్లకి ఇచ్చారో చూసి అక్కడ మెయిల్ మార్చండి, కొన్నాళ్లు ఆఫ్‌లో ఉంచండి, దేనికీ అడ్డం రాకపోతే అప్పుడు తీసేయండి.